నాలుగువేల నూట పదిహేడో వరుస

చిత్తూరు కలెక్టరాఫీసు వెనక
రికార్డు రూము పక్క రేకుల గదిలో
నాకిచ్చిన పని సులువైందే.
పదకొండు వేల చిల్లర కమతాలు.
ఒక్కోదాని గట్టు చుట్టూ స్క్రిప్టును నడిపించి
విస్తీర్ణం లెక్కగట్టించి
పక్క గడిలో రాయించడం.

నడుస్తుంది. బాగానే నడుస్తుంది.
యాదమరి దాటుతుంది,
గుడిపాల మామిడి తోటలు దాటుతుంది,
నాలుగువేల నూట పదిహేడో వరుస దగ్గర
కిటికీ మూసుకుపోతుంది.

తప్పని చెప్పదు. ఎర్రక్షరం ఒక్కటి రాయదు.
అన్నం సగంలో వదిలి
విస్తరి ముందు నుంచి లేచిపోయిన చుట్టంలా
ఊరికే మాయమవుతుంది.

మళ్ళీ తెరిచాను. మళ్ళీ పోయింది.
కంప్యూటర్ ఆపి, వంద లెక్కపెట్టి, వేశాను.
వెర్షన్ మార్చాను.
పట్టికనంతా ఇంకో డ్రైవుకి మోశాను.
"దిష్టి తీయండి మేడమ్" అన్నాడు జెరాక్సు దామోదరం.
తీసేదాన్నే, చేతిలో నిమ్మకాయ ఉంటే.

మధ్యాహ్నం నుంచి పట్టికను కోయడం మొదలుపెట్టాను.
సగం. సగంలో సగం. అందులో మళ్ళీ సగం.
ఏ ముక్క పడిపోతే ఆ ముక్కనే పట్టుకుని,
బియ్యంలో రాయి కోసం చేట చెరిగినట్టు
చెరిగి చెరిగి
మూడున్నరకి ఒక్కటి మిగిల్చాను.

సర్వే నంబరు రెండు వందల పన్నెండు బై మూడు.
చెంగమ్మ. భర్త పేరు చదవరాదు.
ముప్పై రెండు సెంట్లు. శిస్తు కట్టినట్టు గుర్తు.
ఆకారం అనే గడిలో
సున్నా కూడా కాదు,
ఖాళీ.

సున్నా అయితే సర్దుకునేది.
"నీ గట్టు ఎక్కడ మొదలు?" అని ప్రోగ్రాము అడుగుతుంది,
జవాబు రాదు,
ఏమీ లేనిదాని చుట్టూ నడవబోయి
కాలెక్కడ మోపాలో తెలియక
పడిపోతుంది.

చైన్‌మన్ మొగిలప్ప నా భుజం మీదుగా తొంగి చూశాడు.
"అదా పాపా, ఏటి పక్కది.
నీవా పొర్లిన ఏడు మన్నంతా తోసకపొయ్యింది.
కొలిచేదానికి గొలుసు తీసకపోతే
కడ్డీ నాటను నేల్లేదు.
ఆయమ్మ మాత్రం శిస్తు కడతానే ఉండింది,
నీళ్ళకి."

ఒక్క వాక్యం రాశాను:
ఆకారం లేకుంటే దాటిపో.
దాటింది. నేను కుర్చీలోంచి సగం లేచాను.
తొమ్మిదివేల నలభై దగ్గర పోయింది.
ఇంకోసారి ఎనిమిదివేల ఆరు వందల దగ్గర.
ఇంకోసారి, దామోదరం టీ తెచ్చేలోపే.

అప్పుడు తెలిసింది.
ఒకే చోట చస్తే తప్పు వరుసది.
చోటు మార్చి మార్చి చస్తే
తప్పు నాది.

చదివిన ప్రతి వరుసకీ ఒక తలుపు తెరిచి
ఒక్కటీ మూయలేదు నేను.
అన్ని వేల తలుపులు బార్లా తెరిచిన ఇంట్లో
దీపం ఎంతసేపు నిలుస్తుంది?
మూసెయ్ అని ఒక మాట చేర్చాను.
ఎప్పటి పరుగుదో ఒక తాళం ఫైలు
ఫోల్డరు మూల ఇంకా కూర్చుని ఉంది,
చేత్తో తీసి పారేశాను.

అయిదూ ఇరవైకి చివరి వరుస.
కిటికీ తెరిచే ఉంది.
పక్క గదిలో బీరువాలకి తాళాలు పడుతున్నాయి.
ఇంటికి పోవచ్చు.
కానీ తెర మీద నేను రాసిన మాట అలాగే ఉంది,
దాటిపో.
ఇంత సులువా?

తుడిచేసి, విడిగా ఉంచు అని రాశాను.
చిన్న పట్టిక ఒకటి, అందులో ఒకే వరుస,
ఊరికే ఉండలేక కారణం అని ఒక గడి.
ఏరు తీసుకుపోయింది, అని కొట్టాను.

ఆ గడికి పది గుర్తులే చోటిచ్చానట.
గుణింతాలు కూడా విడివిడిగా లెక్కగట్టి
ఏరు తీసుకు
అని తెంపేసింది.

మొగిలప్ప కళ్ళజోడు పైకి తోసి
కూడబలుక్కుని చదివాడు.
"తీసుకు...
పొయ్యిందా పాపా, వచ్చిందా?"